సెల్లార్ గోడకు వాల్‌పేపర్ పీకిన తర్వాత నాలుగు బస్తాల లప్పం ఎందుకు వద్దంటున్నానంటే

తమ్మీ, నీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. హన్మకొండ నయీంనగర్‌లో ఇల్లు, సెల్లార్‌లో 14 అడుగులకు 11 అడుగుల గది, ఎత్తు 9 అడుగులు. 2019లో గోడలు బాగా కనిపించాలని వాల్‌పేపర్ వేయించారు. ఇప్పుడు మీ ఇంటామె ఆ గదిలో మగ్గం వర్క్ మొదలుపెడతానంటే పేపర్ పీకేశావు, దాంతోపాటు లప్పం (వాల్ పుట్టీ) కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఒకచోట జిగురు, ఒకచోట పాత పసుపు రంగు, ఒకచోట ఉత్త సిమెంటు. చేత్తో తడిమితే అన్నీ గుంటలూ మెరకలూ. పెయింటర్ వచ్చి చూసి, "నాలుగు బస్తాల లప్పం తెప్పించండి సార్, రెండు చేతులు (రెండు పూతలు) పెట్టి అద్దంలా చేస్తా, దసరా లోపల రంగు కూడా అయిపోతది" అన్నాడు. చేయించొచ్చా అని అడిగావు.

చేయించొద్దు. కనీసం ఇప్పుడు చేయించొద్దు.

పెయింటర్ మోసం చేస్తున్నాడని నేననను, నేనూ పెయింటర్‌నే. కాజీపేటలో మా నాయన సున్నాలు వేసేవాడు, ఆయన వెనక బకెట్ మోస్తూ మొదలుపెట్టి 27 ఏళ్లయింది. కానీ ఆ నాలుగు బస్తాల లెక్క ఒకసారి నువ్వే వేసుకో. గది చుట్టు కొలత 50 అడుగులు, ఎత్తు 9, అంటే 450 చదరపు అడుగులు, తలుపూ వెంటిలేటరూ తీసేస్తే ఓ 420. తెల్ల సిమెంటు లప్పం నున్నటి గోడ మీద రెండు చేతులకు కిలోకి 16 నుంచి 19 చదరపు అడుగుల దాకా వస్తుందని కంపెనీల వాళ్లే చెప్తారు. ఆ లెక్కన పాతిక కిలోలు చాలు. నీ గోడ ఎగుడుదిగుడు కాబట్టి రెట్టింపు అనుకో, యాభై కిలోలు, అంటే నలభై కిలోల బస్తా ఒకటి, ఇంకో పావు బస్తా. ఆయన అడిగింది 160 కిలోలు! ఆ మిగిలిన వంద కిలోలు ఎక్కడికి పోతాయి? గుంటల్లోకి. అంటే మేస్త్రి గిలాబుతో (సిమెంటు ప్లాస్టరింగ్‌తో) చేయాల్సిన పనిని ఆయన లప్పంతో చేద్దామనుకుంటున్నాడు. లప్పం ఒక చేతికి మిల్లీమీటరు, మహా అయితే మిల్లీమీటరున్నర మందం. అంతకు మించి దట్టిస్తే పైన ఎండిపోయి లోపల పచ్చిగా ఉంటుంది, ఎండే కొద్దీ ముడుచుకుని వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, సెల్లార్‌లో అయితే చెమ్మ తగిలి మొత్తం పలకలా లేచి వస్తుంది. ఇంటి పైఅంతస్తులో ఈ తప్పు మూడు నాలుగేళ్లు దాక్కుంటుందేమో గానీ కింద దాక్కోదు.

ఇది నా జేబుకు తగిలిన దెబ్బ కాబట్టి చెప్తున్నా. ములుగు రోడ్డు వైపు ఒక ఇంట్లో శ్రావణంలో గృహప్రవేశం అని తొందర పెడితే కింది గదికి నేను సరిగ్గా ఇదే పని చేశాను, గుంటలన్నీ లప్పంతో కప్పేశాను, ఫోటోల్లో గోడలు అద్దాల్లా వచ్చాయి. సంక్రాంతికి ఆ ఇంటాయన ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే నడుము ఎత్తు వరకు గోడంతా బొబ్బలు, వేలితో నొక్కితే లోపల పిండి. మళ్లీ గీకి, మళ్లీ వేసి, కూలీ నా చేతి నుంచే పోయింది. ఆ తర్వాత నుంచి సెల్లార్ పని ఎవరు చెప్పినా మొదటి రోజు రంగు మాటే ఎత్తను.

నీ గోడ వంకరగా ఉందని నువ్వు రాశావు కానీ ఆ వంకర ఒక్కటి కాదు. జిగురు గడ్డకట్టిన మెరక ఉంటుంది, లప్పం పెచ్చు ఊడిన గుంట ఉంటుంది, లోపల గిలాబు ఇటుకను వదిలేసి ఉబ్బిన కడుపు ఉంటుంది, కట్టినప్పుడే మేస్త్రి బద్ద (గోడ చదును చేసే తిన్నటి పట్టె) సరిగ్గా లాగక వచ్చిన పుట్టు వంకర ఉంటుంది. కంటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం దేనికదే. వీటిని విడదీయకుండా పట్టీ (లప్పం పెట్టే, గీకే రేకు) చేత పట్టామంటే ఆ లప్పం డబ్బులు గోడకు కాదు, మట్టికి పోసినట్టే.

ముందు జిగురు. స్పాంజిని గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, ఓ చోట అద్ది, రెండు నిమిషాలాగి వేలితో రుద్దు. జారుడుగా, గంజిలా తగిలితే జిగురు ఉన్నట్టే. పేపర్ వేసేవాళ్లు వాడే పొడి జిగురు నీళ్లకు కరుగుతుంది, ఇబ్బంది లేదు. కొందరు గట్టిగా పట్టాలని దాంట్లో ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు కలుపుతారు, అది కరగదు, మెత్తబడుతుందంతే, మెత్తగా ఉన్నప్పుడే పట్టీతో గీకెయ్యాలి. మూడడుగులకు మూడడుగులు చొప్పున తడుపుకుంటూ పో, గోడంతా ఒకేసారి తడిపితే నువ్వు చివరికి చేరేలోపు మొదటిది ఆరిపోతుంది. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేస్తే పని తేలిక. గీకిన తర్వాత మంచి నీళ్లతో కనీసం రెండుసార్లు తుడువు, బకెట్ నీళ్లు మార్చి మార్చి తుడువు, అదే బురద నీళ్లతో తుడిస్తే జిగురును గోడంతా పలచగా పూసినట్టవుతుంది. చాలామంది ఇక్కడే "ఆ, ఎట్లాగూ మీద లప్పం వస్తది కదా" అని వదిలేస్తారు. ఆ జిగురు లప్పంలో నీళ్లు తగలగానే మళ్లీ మెత్తబడుతుంది, ఎండేటప్పుడు పై పొరను లాగుతుంది, రంగు చేప పొలుసులా చిట్లుతుంది. స్విచ్ బోర్డుల చుట్టూ తడిపేటప్పుడు ఆ గది ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించెయ్, ఇది మర్చిపోవద్దు.

నువ్వు పీకింది కాగితం పేపరో, ప్లాస్టిక్ పేపరో, లేక ఇటుకల డిజైన్‌తో మెత్తగా ఉండే ఫోమ్ షీటో రాయలేదు. ఫోమ్ షీటైతే దాని వెనక గమ్ము నీళ్లకు లొంగదు, హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి గీకాలి. దానికి ఎవరో ఒకరు థిన్నర్ వాడమని చెప్తారు. సెల్లార్‌లో థిన్నర్ సీసా మూత కూడా తీయొద్దు. దాని ఆవిరి గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది, కింది గదిలో అది పోవడానికి దారుండదు, తల తిరగడం ఒక ఎత్తు, స్విచ్ వేసినప్పుడు వచ్చే నిప్పురవ్వ ఇంకో ఎత్తు.

పేపర్ వెనక నల్ల మచ్చలేమైనా కనిపించాయా? ప్లాస్టిక్ పేపర్ అయితే తప్పకుండా ఉండి ఉంటాయి. గోడలో నుంచి వచ్చే చెమ్మను బయటకు పోనివ్వకుండా అది రెయిన్‌కోట్ లాగా పట్టి ఉంచుతుంది, ఆ మధ్యలో జిగురు తిని బూజు పెరుగుతుంది. బూజును పొడిగా గీకొద్దు, గదంతా లేస్తుంది. మాస్క్ పెట్టుకుని, ఒక వంతు బ్లీచ్ లిక్విడ్‌కి మూడు నాలుగు వంతుల నీళ్లు కలిపి అద్ది, పావుగంట ఆగి తుడిచెయ్, తర్వాత మంచినీళ్లతో కడుగు. బ్లీచ్‌తో పాటు బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం కలపొద్దు, ఒకదాని తర్వాత ఒకటి కూడా వాడొద్దు, ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్, కిటికీలు లేని గదిలో అది ఆటలు కాదు.

జిగురు పోయాక గోడను వినాలి. పట్టీ వెనకవైపు చెక్క పిడితో, లేకపోతే వేళ్ల కణుపులతో, కింద నుంచి పైకి జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పో. గట్టి గోడ "టక్ టక్" అంటుంది, వదిలేసిన గోడ కుండలా డొల్లగా మోగుతుంది. డొల్ల ఉన్న మేర సుద్దతో గీత గియ్యి. మార్కర్‌తో, బాల్ పెన్నుతో గీయొద్దు, ఆ సిరా మూడు చేతుల రంగులోంచి కూడా పైకి తేలుతుంది, తర్వాత నన్ను తిట్టుకుంటావ్. గీసిన చోట సుత్తీ ఉలీ పెట్టి ఇటుక కనిపించేదాకా కొట్టించు. మనసొప్పదు, తెలుసు, పెద్ద గుంత పడుతుంది కదా అనిపిస్తుంది. డొల్ల మీద ఎంత మంచి లప్పం పెట్టినా ఏదో ఒకరోజు దాన్ని వెంటేసుకుని కింద పడుతుంది. అంచులు ఏటవాలుగా కాకుండా నిటారుగా కొట్టమను, దుమ్ము దులిపి, బాగా తడిపి, సిమెంటు పాలు పూసి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక కలిపిన మాలు పెట్టించు, ఇసుక సన్నగా జల్లించాలి. చుట్టుపక్కల గోడ కన్నా రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉండేలా ఆపాలి, ఆ రెండూ లప్పానికి. ఏడు రోజులు తడపాలి, ఆ తర్వాత కనీసం మూడు వారాలు ఎండాలి. ఇక్కడే నీ దసరా పోయింది, చూశావా.

నేను ఎక్కువ చెప్పాల్సింది చెమ్మ గురించే, ఎందుకంటే పైన చెప్పినవన్నీ ఎవరైనా చేస్తారు, ఇది మాత్రం ఎవరూ చెయ్యరు. ఒక మందపాటి పాలిథిన్ కవర్ అడుగున్నర చదరం కత్తిరించి, నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపుతో గోడకు అంటించు. ఒకటి కాదు, నాలుగు చోట్ల: మట్టికి ఆనుకున్న గోడకు అడుగు ఎత్తులో ఒకటి, అదే గోడకు నాలుగడుగుల ఎత్తులో ఒకటి, సంప్ కానీ బాత్రూమ్ కానీ ఉన్న వైపు ఒకటి, లోపలి గోడకు ఒకటి. రెండు రోజులు వదిలేసి చూడు. కవర్ లోపలి వైపు, అంటే గోడవైపు, నీటి బిందువులు ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు, గదివైపు, చెమ్మ ఉంటే అది గదిలో గాలి తేమ, చల్లటి గోడ తగిలి నీరవుతోంది, దానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. రెండు వైపులా పొడిగా ఉంటే నువ్వు అదృష్టవంతుడివి.

అయితే ఈ పరీక్ష ఏ నెలలో చేస్తావన్నది ముఖ్యం. మన దగ్గర ఎండాకాలం బోర్లు అడుగంటినప్పుడు సెల్లార్ గోడలన్నీ పొడిగానే ఉంటాయి, మే నెలలో కవర్ అంటించి "చూడన్నా, చుక్క లేదు" అని సంబరపడి రంగు వేసినవాళ్లంతా బతుకమ్మ నాటికి ఫోన్లు చేస్తారు. వానాకాలం చివర్లో చెరువులు నిండి భూమిలో నీరు పైకొచ్చినప్పుడు గోడ దాని అసలు రంగు చూపిస్తుంది. నువ్వు ఇప్పుడు సెప్టెంబర్‌లో పీకావు కాబట్టి నిజానికి మంచి సమయంలోనే పీకావు, పరీక్ష ఇప్పుడే పెట్టు, పనే ఇప్పుడొద్దు. ఇంకొకటి, 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు మీ సెల్లార్ మునిగిందా? నువ్వు రాయలేదు. మునిగి ఉంటే ఆ రెండు వరదలూ మీ వాల్‌పేపర్ వెనకే ఉన్నాయి. గోడ మీద ఎక్కడైనా అడ్డంగా, నీళ్లు నిలిచిన గీతలాంటి మరక కనిపిస్తుందేమో చూడు, దాని కింద లప్పం అంతా తీసెయ్యడమే, గట్టిగా ఉన్నట్టు కనిపించినా సరే.

తెల్లగా దూదిలా, పిండిలా ఏదైనా గోడ మీద పొంగి ఉంటే అది ఉప్పు. బూజు కాదు. నాలుక మీద పెట్టి చూసే పెద్దమనుషులున్నారు, నువ్వొద్దు. నీళ్లు చల్లి చూడు, కరిగి మాయమైతే ఉప్పు. కానీ కడగొద్దు! నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, ఆరాక మళ్లీ పొంగుతుంది, ఈసారి నీ రంగును తోసుకుంటూ. పొడి బ్రష్‌తో దులిపి, కింద పడ్డది ఊడ్చి బయట పారేయాలి. వారం తర్వాత మళ్లీ వస్తుంది, మళ్లీ దులుపు. రావడం తగ్గుతూ పోతే గోడ ఎండుతున్నట్టు లెక్క, తగ్గకుండా అంతే వస్తుంటే నీళ్లు ఇంకా ఎక్కడి నుంచో అందుతున్నట్టు. మా నాయన కాలంలో ఈ గొడవ ఇంతగా ఎందుకు లేదంటే అప్పుడు వేసింది సున్నం. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, చెమ్మ వచ్చినా ఆవిరైపోతుంది, ఉప్పు వచ్చినా రాలిపోతుంది, ఏటా పండక్కి మళ్లీ ఒక చేయి వేసేవాళ్లు, బట్టలకు అంటేది, దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు మనకు నిగనిగ కావాలి, పైగా ఐదేళ్ల గ్యారంటీ కావాలి.

నీళ్లు గోడలోంచే వస్తున్నాయని తేలితే లోపల పెట్టే ఖర్చు ఆపి ముందు బయట చూడు. నేను చూసిన సెల్లార్లలో సగానికి పైగా కారణం భూమి కాదు, ఇంటి నీళ్లే: సంప్ గోడ కారడం, పైన బాత్రూమ్ జాలీ పక్కన గచ్చు పగలడం, డాబా మీది వాన నీటి పైపు గోడ మొదట్లోనే వదిలెయ్యడం. సంప్‌లో నీళ్లు నింపి, మోటార్ ఆపి, మట్టం దగ్గర గీత గీసి రాత్రంతా వదిలితే పొద్దున్నే తెలిసిపోతుంది. ఇవన్నీ సరిచేశాక కూడా మట్టివైపు గోడ చెమ్మగానే ఉంటే, లోపలివైపు నుంచి వేసే సిమెంటు రకం వాటర్‌ప్రూఫింగ్ ఉంటుంది. అది లప్పం మీద కాదు, లప్పం, రంగు అన్నీ తీసేసిన ఉత్త గిలాబు మీద వేయాలి, మామూలుగా రెండు చేతులు. లప్పం మీద వేసి వాటర్‌ప్రూఫ్ చేశామనేవాళ్లు ఊరంతా ఉన్నారు.

ఇప్పుడు నువ్వు అసలు అడిగిన సంగతికి, గోడ చదును చేయడానికి వద్దాం. పైవన్నీ అయ్యాక ఇది పెద్ద పని కాదు. మేస్త్రి దగ్గర ఆరడుగుల అల్యూమినియం బద్ద తీసుకో, గోడకు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించు. రాత్రి పూట లైట్లన్నీ తీసేసి గోడ పక్క నుంచి టార్చ్ వెయ్యి, ఎదురుగా కాదు, గోడ వెంబడి. పగలు కనపడని గుంటలన్నీ నీడలు పడి బయటపడతాయి. వాటికీ సుద్ద గీతలే. బద్ద కింద సందు రెండు మిల్లీమీటర్లలోపు ఉంటే లప్పం చాలు. రూపాయి బిళ్ల దూరి ఇంకా ఆడుతోందంటే లప్పం పని కాదు, లెవెలింగ్ ప్లాస్టర్ అని సిమెంటుతో చేసిన, కొంచెం గరుకుగా ఉండే పొడి దొరుకుతుంది, గుంటలు దాంతో నింపి బద్దతో లాగెయ్యాలి. ఎంత మందం దాకా వెయ్యొచ్చో బస్తా మీదే రాసి ఉంటుంది, చదివించు. సెంటీమీటరు దాటితే మళ్లీ గిలాబే. నింపడం ఎప్పుడూ బాగా లోతున్న చోట మొదలుపెట్టాలి. మెరకలను అరగదీసి గుంటలకు సమానం చేద్దామని ఎమెరీ పేపర్ (గరుకు కాగితం) పట్టుకుని కూర్చుంటే దుమ్ము తప్ప ఏమీ మిగలదు. జిగురు గడ్డ, పాత రంగు అంచు లాంటివి మాత్రమే అరగదీసే మెరకలు.

వెంట్రుక పగుళ్లు వదిలెయ్, అవి లప్పంలో పోతాయి. గోరు దూరే పగులును పట్టీ మొనతో ఇంకాస్త వెడల్పు చేసి, దుమ్ము ఊది, క్రాక్ ఫిల్లర్ నింపి పైన జాలీ టేపు వెయ్యి. మూల నుంచి ఐమూలగా పైకి పోయే పగులుంటే, అది ఏడాదికేడాది పెరుగుతుంటే, అది పెయింటర్ చూసేది కాదు, ఇంజనీర్‌కి చూపించు.

లప్పం విషయంలో మా వాళ్లతో నాకు రోజూ గొడవే. సెల్లార్‌కి తెల్ల సిమెంటు లప్పమే. అక్రిలిక్ లప్పం డబ్బాలో రెడీగా వస్తుంది, చెయ్యి జారుడుగా ఆడుతుంది, పైఅంతస్తు బెడ్‌రూమ్‌కి బంగారం, కింద చెమ్మకు మెత్తబడుతుంది. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అసలొద్దు. గుంటలు చిటికెలో నిండిపోతాయి కాబట్టి మేస్త్రిలకు ఇష్టం, కానీ అది చెమ్మ తాగే సరుకు. సుద్దపొడి కలిపి బస్తా సాగదీసే అలవాటు కొందరికుంది, కలిపేటప్పుడు పక్కనే నిలబడు. నీళ్లలో పొడి పోయాలి, పొడిలో నీళ్లు కాదు, 40 కిలోల బస్తాకు 14 నుంచి 16 లీటర్లు పడతాయి. కలిపి పది నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి. రెండు మూడు గంటల్లో వాడేయాలి. మధ్యాహ్నం అన్నానికి పోయొచ్చి గట్టిపడ్డ ముద్దలో మళ్లీ నీళ్లు కొట్టి వాడితే అది లప్పం కాదు, పిండి.

లప్పం పెట్టే ముందు ఉత్త సిమెంటు కనిపించే చోట్ల నీళ్లు చిలకరించాలి, కారేలా కాదు, గోడ దాహం తీరేలా. పాత రంగు మీద సిమెంటు లప్పం పట్టదు, ఆ పసుపు రంగు ఉన్నచోటల్లా గీకి 80 నంబర్ ఎమెరీతో గరుకు చెయ్యాలి. అరచేతితో తుడిస్తే పొడి అంటుకునే పాత లప్పం కూడా ఉండకూడదు, అది పోయేదాకా గీకడమే. మొదటి చేయి కింద నుంచి పైకి, రెండోది అడ్డంగా. మధ్యలో ఒక రాత్రి కాదు, సెల్లార్ కాబట్టి రెండు రాత్రులు ఇవ్వు. అరగదీయడం రెండో చేయి ఆరిన మర్నాడే పెట్టుకో, సిమెంటు లప్పం రోజులు గడిచేకొద్దీ రాయి అవుతుంది, వారం తర్వాత రుద్దితే నీ భుజాలు పోతాయి. 180 నంబర్ ఎమెరీతో మొదలుపెట్టి 320తో ముగించు. ఆ దుమ్ము పట్టుచీరల మీద పడితే పోదు కాబట్టి మగ్గం, బట్టలు, జరీ, పూసల డబ్బాలు ఏవీ ఆ గదిలో ఉండకూడదు, కప్పి ఉంచామంటే ఒప్పుకోను. దులిపాక తడి గుడ్డతో గోడంతా తుడిచి ఆరనివ్వు.

ప్రైమర్ నీళ్లతో కలిపేదే ఒక చేయి. ఆయిల్ ప్రైమర్ జిగురును బాగా కప్పుతుందని ఒకాయన నీకు చెప్పాడన్నావు, అబద్ధం కాదు, కానీ పొడి గోడ మీద. చెమ్మ ఉన్న సిమెంటు గోడలో క్షారం ఉంటుంది, ఆ క్షారానికీ నూనెకూ పడదు, అది సబ్బులా మారి ఊడుతుంది. పైన మ్యాట్ ఎమల్షన్ రెండు చేతులు. మెరిసేది, సిల్క్ ఫినిష్, వద్దే వద్దు: మెరుపు ప్రతి వంకరనీ పట్టి చూపిస్తుంది, పైగా గోడ ఊపిరి బిగపడుతుంది. ఇంకో కిటుకు చెప్తా, దీనికి డబ్బు పెద్దగా కాదు. ఆ గదిలో ట్యూబ్‌లైట్ ఎక్కడుంది? గోడకు పైన బిగించి ఉంటే ఆ వెలుతురు గోడ మీదుగా జారుతూ దిగి చిన్న గుంటను కూడా పెద్ద నీడగా చూపిస్తుంది. దాన్ని తీసి స్లాబ్ మధ్యలో పెట్టించు. సగం వంకర అక్కడే మాయం, మగ్గం మీదకు వెలుతురు కూడా బాగా పడుతుంది. బద్ద పెట్టి కొలిస్తే నాకు తెలిసిన మంచి మంచి ఇళ్ల గోడలు కూడా నిటారుగా ఉండవు తమ్మీ. నున్నగా ఉంటే కన్ను సర్దుకుంటుంది. నిటారు కావాల్సింది బీరువానో అల్మారానో ఆనే మూల ఒక్కటే.

మరి దసరాకి ఏం చేయాలి అంటావు. జిగురు కడిగెయ్, డొల్ల కొట్టించెయ్, ఉప్పు దులుపు, అక్కడితో ఆపు. మగ్గం వర్క్ ముహూర్తం ఆపొద్దు, పైన హాల్లోనో వరండాలోనో నెల రెండు నెలలు నడిపించమను. కిందే కూర్చోవాలంటే గోడకు రెండంగుళాలు ఎడంగా రాడ్ బిగించి తెల్ల కాటన్ కర్టెన్ వేలాడదీయ్, వెనక గాలి ఆడుతుంది, బట్టకు గోడ తగలదు. తలుపు, వెంటిలేటర్ తెరిచి ఫ్యాన్ గాలి బయటకు పోయేలా పెట్టు. ఎండబెడదామని కూలర్ మాత్రం పెట్టకు, నవ్వకు, పెట్టినవాళ్లున్నారు, అది గదిలోకి నీళ్లు ఊదే మెషిన్. పీవీసీ ప్యానెళ్లు కొట్టించేస్తే పని తీరుతుందని ఎవరైనా అంటే, వాల్‌పేపర్ చేసిన పనే అవి ఇంకా గట్టిగా చేస్తాయని చెప్పు. లప్పం, రంగు సంక్రాంతి దాటాక పెట్టుకుందాం, చలి తగ్గుతూ గాలి పొడిగా ఉంటుంది, ఎండలు ఇంకా ముదరవు.

మీ పెయింటర్‌ని మార్చాల్సిన పని లేదు. ఒక బస్తా లప్పమే తెప్పిస్తానని, ముందు గుంటలు ప్లాస్టర్‌తో నింపాలని, గీకినందుకు, జిగురు కడిగినందుకు వేరే కూలీ ఇస్తానని చెప్పు. పాపం చాలామంది ఆ పని ఎగ్గొట్టేది బద్ధకంతో కాదు, దానికి ఎవరూ డబ్బులివ్వరు కాబట్టి.

ఈరోజే పాలిథిన్ అంటించు. ఎల్లుండి విప్పినప్పుడు నాలుగింటిలో దేనికి ఏ వైపు నీళ్లున్నాయో రాయి, సంప్ ఎంత దూరంలో ఉందో కూడా రాయి, మట్టివైపు గోడకు వాటర్‌ప్రూఫింగ్ కావాలో అక్కర్లేదో అప్పుడు చెప్తా.